పట్టపగలే చీకటి చూసిన గోరింకలు

అనగనగా ఒక కొండ. కొండకు ఇవతల సముద్రం, అవతల పట్నం. సముద్రం దగ్గర ఉప్పు ఉంది, పట్నంలో ఉప్పు లేదు. ఉప్పు లేనిదే మహారాజుకైనా ముద్ద దిగదు కదా! అందుకని ఆ కొండ మీదుగా ఒక దారి వేశారు. ఆ దారి నిండా ఉప్పుబండ్లు.

పట్నం పేరు పైడిమెట్ట. దారి పేరు మెలికల కనుమ. ఒకపక్క బండరాయి, ఒకపక్క లోయ. రెండు బండ్లు ఎదురుపడితే ఎడ్ల కొమ్ములు రాసుకోవలసిందే. అందుకే పూర్వం పెద్దలు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మలుపు తిరిగేముందు కేక వెయ్యాలి. కనుమలో ముందు బండిని దాటకూడదు.

ఈ మూడూ పసిపిల్లలకు కూడా నోటికి వచ్చు. నోటికి వచ్చినంత తేలిగ్గా చేతికి రాదు, అదీ చిక్కు.

ఆ బండివాళ్ళకు ఒక ఆచారం ఉండేది. ప్రతి బండి కాడి మీదా ఒక గోరింక కూర్చునేది. మలుపు అవతల అలికిడి కాగానే అది కిచకిచలాడి చెప్పేది. అందుకే పెంచేవారు. అయితే ఆ కొండ గోరింకలకు ఇంకో గుణం ఉంది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, అడిగితే ఒప్పజెప్పేవి. ఒక మాట కలిపేవి కావు, ఒక మాట మింగేవి కావు. మనిషికివ్వని గుణం దేవుడు పిట్టకిచ్చాడు, ఏం చేస్తాం!

ఎడ్లను విప్పి మేత వేసేటప్పుడు గోరింక మీద చిన్న గంప ఒకటి బోర్లించేవారు. గంప పడితే చీకటి. చీకటి పడితే గోరింక నిద్రపోతుంది. గంప తీస్తే తెల్లవారినట్టే. అది పిట్ట లెక్క.

ఆ కనుమలో పోలమ్మ అనే ఆమె బండి తోలేది. ఆడది పగ్గాలు పట్టడమేమిటని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళున్నారు. ఆమె సరదాకు పట్టలేదు. ఆమె పెనిమిటి ఎర్రన్న ఉప్పు వేసుకుని కనుమ ఎక్కుతుంటే, దిగే బండి ఒకటి దారివ్వకుండా దూసుకొచ్చింది. ఎర్రన్న బండి లోయలో పడింది. ఎర్రన్న మరి ఇంటికి రాలేదు.

ముందూ వెనకా ఎన్నో బండ్లున్నాయి. న్యాయాధికారి వచ్చి గోరింకలన్నిటినీ అడిగాడు. అన్నిటిదీ ఒకటే మాట.

“పొద్దు పొడిచింది. బయల్దేరాం. చీకటి పడింది. తెల్లవారింది. జనం మూగారు.”

“పాపం, పిట్టలు నిద్రపోయినట్టున్నాయి” అని న్యాయాధికారి లేచి దులుపుకుని వెళ్ళిపోయాడు. బండివాళ్ళు తలలు దించుకుని ఇళ్ళకు పోయారు. మనవాడి మీద మనం చెప్పడమా, ఇవాళ వాడు, రేపు మనం, అన్నది వాళ్ళ మాట.

పోలమ్మకు తెలుసు. మిట్టమధ్యాహ్నం ఊళ్ళో గోరింకలన్నిటికీ ఒక్కసారే నిద్ర ముంచుకు రాదు. గంపలు పడ్డాయి. ఆ రోజు ఆమె దోసిళ్ళతో మన్నెత్తిపోసి ఆ గంపలను శపించింది.

ఆమెను ఆదుకున్నది ఒక్కడే. అతని పేరు దాలయ్య. తల నెరిసిన బండివాడు. ఎడ్లను కాడికి కట్టడం, ఇరుసుకు కందెన రాయడం, దిగుడులో చక్రానికి అడ్డుకర్ర వెయ్యడం, అన్నీ అతనే నేర్పాడు. నలుగురూ నవ్వితే ఆమె బండి ముందు తన బండి నడిపించుకుంటూ పోయేవాడు. అతనికి చెవులంటే చెవులే. ఇరుసు చప్పుడు విని, కొండ అవతల వచ్చేది ఎవరి బండో చెప్పేవాడు. పోలమ్మ అతన్ని అన్నా అని పిలిచేది. తోడబుట్టినవాడు కూడా అంత చెయ్యడని అందరితోనూ అనేది.

కొన్నాళ్ళకు పైడిమెట్టకు సోమలదేవి రాణి అయింది. ఆవిడకు ఒక అలవాటు ఉండేది. కొలువులో కళ్ళు మూసుకుని, వేయించిన శనగలు నములుతూ ఫిర్యాదులు వినేది. రాణిగారు కునుకు తీస్తున్నారని అందరూ అనుకునేవారు. అలా అనుకున్నవాళ్ళు చాలామంది చిక్కుల్లో పడ్డారు.

కనుమలో ప్రాణాలు పోతున్నాయని ఆవిడ చెవిన పడింది. వెంటనే దండోరా వేయించింది.

“వినండహో! కనుమ కట్టుబాటు తప్పినవాడి మీద ఏ బండివాడైనా తన గోరింక చేత కొలువులో చెప్పించవచ్చునహో! తప్పు రుజువైతే ఏడాదిపాటు కాడి దింపుడహో, బండి కట్టకూడదహో! చెప్పించినవాడికి ఉప్పు కొఠారు దగ్గర అందరికన్నా ముందు వరసహో!”

డప్పు మోత విని పోలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఈ దండోరా ఆనాడే పడి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది.

ముందు వరస అంటే మాటలా? కొఠారులో ముందు ఉప్పెత్తుకున్నవాడు పట్నానికి ముందు చేరతాడు. ముందు చేరినవాడి ఉప్పు ముందు అమ్ముడుపోతుంది. ఈ సంగతి అందరికన్నా బాగా అర్థమైనవాడు జగ్గప్ప. అతని బండి కొత్తది, ఎడ్లు బలమైనవి, నోరు ఇంకా బలమైనది. వారం తిరగకుండా కొలువు గుమ్మం అతని ఇంటి గుమ్మం అయిపోయింది.

ఫలానావాడు మలుపులో కేక వెయ్యలేదన్నాడు. ఫలానావాడు సద్దిముద్ద తింటూ ఒంటిచేత్తో తోలాడన్నాడు. ఇంకొకడికి తుమ్ము వచ్చి పగ్గం వదిలాడన్నాడు. గోరింక అబద్ధమాడదు కనుక అన్నీ నిజాలే. కొందరికి కాడి దిగింది. జగ్గప్పకు మాత్రం రోజూ ముందు వరసే.

మరి జగ్గప్ప తానెలా తోలేవాడు? ఎవరూ చెప్పలేరు. అతని గోరింక అసలే చెప్పలేదు. ఎందుకంటే అతను గంపకు ఒక తాడు కట్టి, ఆ తాడు కాలి బొటనవేలికి చుట్టుకున్నాడు. తాను దారి తప్పేటప్పుడు వేలు వదిలేవాడు, గంప పడేది. ఎదుటివాడు తప్పేటప్పుడు వేలు లాగేవాడు, గంప లేచేది. గురివింద తన నలుపెరగదంటారు. ఈ గురివిందకు తన నలుపు బాగానే తెలుసు. అందుకే గంప కప్పింది.

బండివాళ్ళు అతన్ని చూస్తే ఉమ్మేసేవారు. చివరికి ఎంత దాకా వచ్చిందంటే, కొలువు మెట్లెక్కిన ప్రతివాడూ జగ్గప్పలాంటివాడే అన్న పేరు పడిపోయింది.

ఇలా ఉండగా ఒక పొద్దున పోలమ్మ బండి పట్నం నుంచి దిగుతోంది, దాలయ్య బండి ఉప్పుతో ఎక్కుతోంది. పోలమ్మ పద్ధతిగా పక్కకు తప్పుకుని ఆగింది. దాలయ్య బండి మాత్రం తన దారి వదిలి మధ్యకు, మధ్య నుంచి ఆమె వైపుకు వచ్చేసింది. చక్రాలూ చక్రాలూ రాసుకున్నాయి. ఆమె గోరింక చిట్టి రెక్కలు కొట్టుకుని అరిచింది.

“అన్నా, ఇటు వచ్చేశావేమిటి?” అంది పోలమ్మ గుండె పట్టుకుని.

“ఎండ కళ్ళలో కొట్టింది చెల్లీ” అన్నాడు దాలయ్య నవ్వి.

ఆ పూట ఆకాశం నిండా మబ్బు. పోలమ్మ పైకి చూసింది, దాలయ్యను చూసింది. పొరపాటు ఎవరికైనా వస్తుందిలే అనుకుంది.

ఇంకో రోజు. కుమ్మరుల పిల్ల ఒకతె నెత్తిన కుండల దొంతరతో దారి పక్కన నడుస్తోంది. దాలయ్య బండి మళ్ళీ పక్కకు లాగేసింది. పిల్ల బండరాయికి అతుక్కుపోయి ప్రాణం దక్కించుకుంది. కుండలు పెంకులైపోయాయి.

పోలమ్మ దిగి పెంకులు ఏరింది. పిల్లను తన బండి మీద ఇంటికి చేర్చింది. సాయంత్రం దాలయ్య గుమ్మం ముందు నిలబడింది.

“అన్నా, నిజం చెప్పు. నీ ఒంట్లో బాగుందా?”

“నాకేం, రాయిలా ఉన్నాను. ఎడ్లు బెదిరాయమ్మా, అంతే. అయినా పోలమ్మా, నువ్వు గానీ కొలువుకెళ్ళి చెబుతావా ఏమిటి?”

నవ్వుతూనే అడిగాడు. కానీ ఆ నవ్వు వెనక భయం ఉంది.

మర్నాడు ఆమె చిట్టిని చేతి మీద పెట్టుకుని కొలువు దాకా వెళ్ళింది. చెప్పాలి, ఈసారి కుండలు పోయాయి, మరోసారి మనిషి పోతే? అనుకుంటూ వెళ్ళింది. మెట్ల దగ్గర జగ్గప్ప మీసం దువ్వుతూ కూర్చుని ఉన్నాడు.

“రా పోలమ్మా, రా! నువ్వూ మా దారికే వచ్చావా? ఎవరి మీదేమిటి?” అన్నాడు పక్కకు జరిగి చోటిస్తూ.

అతని పక్కన ఆ చోటు చూడగానే పోలమ్మ ఆగిపోయింది. అన్నం పెట్టిన చేతిని కరిచి, వీడి పక్కన కూర్చోనా? దాలయ్యకు కాడి దింపితే ఈ వయసులో ఏం తింటాడు? ఆమె వెనక్కి తిరిగింది.

అంతటితో ఊరుకుంటే అదో దారి. ఆ రోజు నుంచి దాలయ్య బండి ముందు వెళుతుంటే, పోలమ్మ చిట్టి మీద గంప వేసెయ్యడం మొదలుపెట్టింది. చూస్తేనే కదా చెప్పేది? చూడకపోతే చెప్పేదేముంది! ఎప్పుడో తాను శపించిన పని ఇదేనన్నది ఆమెకు తట్టలేదు. ప్రేమతో చేసే తప్పుకు తప్పు పోలికలే ఉండవు, అందుకే పోల్చుకోలేం.

మూడోసారి రానే వచ్చింది.

దాలయ్య బండి ముందు ఎక్కుతోంది. వెనక పోలమ్మ. ఆమె వెనక, కొఠారులో ముందు ఉప్పెత్తుకున్నా దారిలో ఆగి వెనకబడ్డ జగ్గప్ప. లోయ అంచున మేకల గురవమ్మ అనే ముసలమ్మ తన మేకలను తోలుకుంటూ వస్తోంది. చిట్టి మీద గంప ఉంది.

జగ్గప్పకు ఆగే ఓపిక ఎక్కడిది? బొటనవేలు వదిలాడు, అతని గంప పడింది. ఎడ్లను అదిలించి, లోయ వైపు నుంచి పోలమ్మ బండిని దాటాడు. మలుపులోనే దాలయ్య బండినీ దాటబోయాడు. సరిగ్గా అప్పుడే దాలయ్య బండి మధ్యకు లాగింది. జగ్గప్ప తటాలున బొటనవేలు లాగాడు, గంప లేచింది. దాలయ్య బండిని తప్పించుకోబోయి అతని ఎడ్లు అంచుకు తోసుకుపోయాయి. మేకలు చెదిరాయి. గురవమ్మ కేక వేసి లోయలోకి జారింది.

తంగేడు పొద ఆమెను పట్టుకుంది. లేకుంటే ఈ కథ ఇక్కడే ఏడుపుతో ఆగిపోయేది. నలుగురూ తాళ్ళు వేసి పైకి లాగారు. ప్రాణం ఉంది. కాలు విరిగింది.

“నా మేకలేవి? ముందు నా మేకలు లెక్క చూడండర్రా!” అని ఏడుస్తూనే అరిచింది గురవమ్మ.

జగ్గప్ప మేకలను చూడలేదు, ముసలమ్మనూ చూడలేదు. గోరింకను చంకన పెట్టుకుని కొలువుకు పరుగెత్తాడు.

కొలువు నిండిపోయింది. బండివాళ్ళందరూ వచ్చారు. గురవమ్మను నులకమంచం మీద మోసుకొచ్చారు. రాణి సోమలదేవి కళ్ళు మూసుకుని శనగలు నములుతోంది. ముందుగా జగ్గప్ప గోరింకను నిలబెట్టారు.

“పొద్దు పొడిచింది. బయల్దేరాం. చీకటి పడింది. తెల్లవారింది. కొఠారు దగ్గర ముందు నిలబడ్డాం. దారిలో ఆగాం. చీకటి పడింది. తెల్లవారింది. దాలయ్య బండి మధ్యకు వచ్చింది. మేకలామె పడిపోయింది” అని గోరింక గడగడా చెప్పింది.

“విన్నారా తల్లీ!” అన్నాడు జగ్గప్ప. “ముసలమ్మ కాలు విరగ్గొట్టింది దాలయ్య. నా పిట్ట అబద్ధమాడదు.”

దాలయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

రాణి కళ్ళు తెరవలేదు. “వెనక బండి ఎవరిది?” అంది.

“నాదే తల్లీ” అంది పోలమ్మ.

“నీ గోరింక ఏమంటుంది?”

చిట్టి తల అటూ ఇటూ తిప్పి చెప్పింది. “పొద్దు పొడిచింది. బయల్దేరాం. ముందు దాలయ్య బండి. చీకటి పడింది. తెల్లవారింది. ముసలమ్మ ఏడుస్తోంది.”

శనగలు నమలడం ఆగింది.

“దాలయ్యా, నీ గోరింక?”

దాలయ్య గోరింకకు ముసలితనం వచ్చేసింది. అది గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. “పొద్దు పొడిచింది. బయల్దేరాం. ఎడమకు లాగు దాలయ్యా, ఎడమకు. ముందు రాయి ఉంది దాలయ్యా. ఎడమకు లాగు. మనిషి ఉంది దాలయ్యా. ఎడమకు, ఎడమకు, ఎడమకు! జగ్గప్ప బండి మీదికొచ్చింది. మేకలామె పడిపోయింది.”

రాణి కళ్ళు తెరిచింది.

“దాలయ్యా” అంది మెల్లగా. “నీకు చూపు ఆనడం లేదా?”

దాలయ్య తల ఎత్తాడు. “కుడికన్ను పూర్తిగా పోయింది తల్లీ. ఎడమది మసక. ఈ పిట్టే నా కళ్ళు. చెబితే కాడి దింపేస్తారు. కాడి దింపితే నేనెవరిని తల్లీ? పుట్టి బుద్ధెరిగాక ఈ పనే చేశాను. కాడి లేని దాలయ్యను ఎవరు పలకరిస్తారు?”

పోలమ్మకు గుండె చెరువైపోయింది. ఎండ అన్న రోజునే గట్టిగా పట్టుకుని అడిగి ఉంటే! ఎడ్లు బెదిరాయన్న రోజున మెట్ల దాకా వెళ్ళి తిరిగి రాకుండా ఉంటే!

రాణి లేచి నిలబడింది. “దాలయ్య గోరింక ఇవాళ ఒక్క పగలే చూసింది. మిగతా గోరింకల రోజులో అన్ని రాత్రులెక్కడివి? పోలమ్మ గోరింకకు ఒక రాత్రి. జగ్గప్ప గోరింకకు రాత్రి మీద రాత్రి. మా పట్నంలో మరి సూర్యుడు ఒక్కసారే అస్తమిస్తాడే! కనుమలో సూర్యుడికి ఏమైంది? ఎవరైనా చెబుతారా?”

ఎవరూ చెప్పలేదు. బండివాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. జగ్గప్ప తన బొటనవేలు ధోవతి కింద దాచుకున్నాడు.

పోలమ్మకు ఆ నిశ్శబ్దం కొత్త కాదు. ఎర్రన్న పోయిన రోజున విన్నది ఇదే. ఆనాడు ఆ నిశ్శబ్దానికి అవతల నిలబడి ఏడ్చింది. ఇవాళ లోపల నిలబడి ఉంది. నోరు విప్పితే దాలయ్య తప్పులన్నీ తానే చెప్పాలి, తన తప్పూ చెప్పాలి. విప్పకపోతే దాలయ్య ఒక్కడి నెత్తినే అంతా పడుతుంది.

ఆమె బయటికి వెళ్ళింది. బండి మీది గంప తెచ్చి రాణి ముందు బోర్లించింది.

“ఇదీ తల్లీ, కనుమలో చీకటి” అంది. “గోరింక మీద ఇది వేస్తే దానికి రాత్రి. మేం తప్పు చేస్తే వేస్తాం. మావాళ్ళు తప్పు చేస్తే వేస్తాం. దాలయ్యన్న బండి దారి తప్పడం నేను ముందే చూశాను. ఒకసారి చక్రాలు రాసుకున్నాయి, ఒకసారి కుండలు పగిలాయి. చెప్పడానికి మెట్ల దాకా వచ్చి తిరిగిపోయాను. ఆ తర్వాత ఈ గంప వేసుకుని తోలాను. అన్నను కాపాడుతున్నాననుకున్నాను. ఇవాళ జగ్గప్ప లోయ వైపు నుంచి నన్ను దాటాడు, మలుపులో అన్న బండినీ దాటబోయాడు. అదంతా నా చిట్టి చూసి ఉండేది. నేను గంప వెయ్యబట్టి చూడలేదు. అన్న కోసం వేసిన గంపే అన్నకు సాక్ష్యం లేకుండా చేసింది. ఈ గురవమ్మ కాలు విరగడంలో నా చెయ్యీ ఉంది. ఏ శిక్ష వేస్తారో వెయ్యండి.”

“అబద్ధం! నేను దాటలేదు” అని అరిచాడు జగ్గప్ప.

“అయితే నీ గోరింకకు అప్పుడు చీకటెందుకు పడింది నాయనా?” అంది రాణి. “ఆ కాలు కాస్త ముందుకు పెట్టు, చూద్దాం.”

జగ్గప్ప బొటనవేలి చుట్టూ తాడు ఒరుసుకుని కాయ కాసి ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాడు.

అప్పుడు ఎవరూ అనుకోని పని జరిగింది. దాలయ్య తడుముకుంటూ బయటికి వెళ్ళి, తన గంప తెచ్చి పోలమ్మ గంప పక్కన పెట్టాడు.

“చెల్లీ, ఇవాళ దీన్ని వెయ్యలేదు. కానీ ఎర్రన్న పోయిన రోజున వేశాను” అన్నాడు. “గోరింక మీద వేశాను గానీ, నా కళ్ళ మీద వేసుకోలేదు కదా. అప్పుడు నాకు రెండు కళ్ళూ ఉన్నాయి. అంతా చూశాను. చెప్పలేదు. నీ బండి ముందు నా బండి నడిపినప్పుడల్లా ఆ ఋణం తీరుతుందేమో అనుకున్నాను. తీరలేదమ్మా.”

ఎర్రన్నకు దారివ్వని బండివాడి పేరు అతను చెప్పాడు. ఆ మనిషి ఆ ఏడే చచ్చిపోయాడు, ఇప్పుడు శిక్షించేందుకు ఎవరూ లేరు. అయినా పోలమ్మ మోకాళ్ళ మీద కూలబడి బావురుమంది. ఆమెకు ఇన్నాళ్ళూ కావలసింది శిక్ష కాదు. ఎవరో ఒకరు, ఒక్కరు, చూశామని చెప్పడం.

ఒక ముసలి బండివాడు లేచి వెళ్ళి తన గంప తెచ్చాడు. ఇంకొకడు తెచ్చాడు. చూస్తుండగానే కొలువులో గంపల గుట్ట లేచింది.

రాణి ఆ గుట్టను చూసి నిట్టూర్చింది. “ఇందులో నాదీ ఒక గంప ఉంది. ముందు వరస అని ఆశ పెట్టి, చెప్పే నోటిని చెడగొట్టింది నేనే. ఇక ఆ వరస లేదు. చెప్పేవాడు దారి బాగుకోసం చెప్పాలి.”

తర్వాత తీర్పులు చెప్పింది. జగ్గప్పకు ఏడాది కాడి దింపుడు. “నువ్వు ఎదుటివాళ్ళ మీద చెప్పినందుకు కాదు సుమా, చెప్పినవి నిజాలే. దాటినందుకు, దాచినందుకు” అంది. పోలమ్మ ఏ పని మానుకునైనా సరే, గురవమ్మ కాలు కూడేదాకా ఆమె మేకలకు మేత తేవాలి.

“నల్లమేక పొడుస్తుంది, చెబుతున్నాను” అంది గురవమ్మ మంచం మీద నుంచి. “అదీ శిక్షలో భాగమే అనుకో.”

ఇక కనుమలో గంప పేరెత్తకూడదంది రాణి. గోరింకను తెచ్చినవాడు కాడి కట్టినప్పటి నుంచి విప్పేదాకా అంతా చెప్పించాలి, తనది కూడా. చిన్న పొరపాటైతే ముందు ఆ మనిషితోనే చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చేదైతే మాత్రం ఒక్క పూట ఆగకూడదు.

చివరికి దాలయ్య వంతు వచ్చింది. అతను కాడిని తానే దింపి తెచ్చి రాణి కాళ్ళ దగ్గర పెట్టాడు.

రాణి ఆ కాడి వంక చూసింది. “దాలయ్యా, నీకు చెవులు బాగున్నాయట కదా?”

“అవి మాత్రం దేవుడు వదిలేశాడు తల్లీ.”

“అయితే నువ్వు మలుపు దగ్గర కూర్చో. కొండ అవతల ఇరుసు చప్పుడు వినబడగానే కొమ్ము ఊది, ఎవరి బండి వస్తోందో కేక వెయ్యి. కాడి లేని దాలయ్యను ఎవరు పలకరిస్తారో చూద్దాం.”

చూడవలసిన పనే లేకపోయింది. పైకి వెళ్ళే ప్రతి బండీ, కిందికి దిగే ప్రతి బండీ ఆ మలుపులో దాలయ్యను పలకరించే వెళ్ళేది. ఒకరు చుట్ట ఇచ్చేవారు, ఒకరు గంజి పోసేవారు. పోలమ్మ బండి ఇంకా కొండ అవతల ఉండగానే అతని కొమ్ము మోగేది.

“జరగండర్రా, మా చెల్లి వస్తోంది!”

చిట్టి ఇప్పటికీ కాడి మీద కూర్చుని సాయంత్రం అన్నీ ఒప్పజెబుతుంది. పోలమ్మ ఒక మలుపులో కేక వెయ్యడం మరిచిందని చెబుతుంది. పాట పాడితే శ్రుతి తప్పిందని కూడా చెబుతుంది. పోలమ్మ చెంపలు వేసుకుని నవ్వుతుంది.

పిల్లలూ, ఇప్పుడు మన కార్ల ముందద్దానికి గోరింకకు బదులు చిన్న కెమెరా పెట్టుకుంటున్నాం. అదీ ఆ పిట్టలాంటిదే, దానికి మొగమాటం తెలియదు. గంప మాత్రం ఎప్పుడూ మన చేతిలోనే ఉంటుంది.

అందుకే పెద్దలంటారు: దారిలో తప్పు చూసి చెప్పడం చాడీ కాదు, చూసి దాచడం ప్రేమ కాదు, ఎటొచ్చీ, ఎదుటివాడి గంప ఎత్తబోయేవాడు ముందు తన గంప ఎత్తాలి.